చిన్న దేహాల వేట–సేకరణ సమూహాల ఎముకలను చదివే పద్ధతి

మీ ముందు బల్ల మీద ఒక తొడ ఎముక ఉంది. దాని పొడవు 38 సెంటీమీటర్లు. తుంటి గిన్నెలో కూర్చునే గుండ్రటి తలభాగం అడ్డుకొలత 37 మిల్లీమీటర్లు. పొడుగాటి మనుషుల ఎముకలకు అలవాటుపడిన కన్ను దీన్ని చూడగానే ఎదిగే వయసు పిల్లవాడిదనో, ఆడమనిషిదనో, లేకపోతే పాత పుస్తకాలు ‘పిగ్మీ’ అని రాసిన ఏదో ఒక జాతిదనో తేల్చేస్తుంది. ఆ మూడు తీర్పుల్లో ఒక్కటి కూడా ఆ రెండు కొలతల నుంచి నేరుగా రాదు. మధ్య ఆఫ్రికా అడవుల్లోని బాకా, అకా, ఎఫే, బత్వా సమూహాలు, దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలో వేల ఏళ్ల కిందట బతికిన వేటగాళ్లు, అండమాన్ దీవుల ఓంగీలు, జరవాలు, గ్రేట్ అండమానీలు, ఫిలిప్పీన్స్‌లోని ఆయ్‌తా, అగ్తా ప్రజలు అందరూ చిన్న దేహాల వారే. కానీ దేహాలు చిన్నవి కావడానికి కారణం అందరిలోనూ ఒకటి కాదు, వీరందరి పూర్వీకులూ ఒకరు కారు.

అందుకే ఈ పనిలో వరస ముఖ్యం. ముందుగా పరిమాణాన్ని సరిగ్గా అంచనా వేయాలి, తరవాత పరిమాణం నుంచి ఆకారాన్ని వేరు చేయాలి, ఆ తరవాత జీవితకాలపు శ్రమ, ఎదుగుదల ఎముక మీద వేసిన ముద్రను గుర్తించాలి. ఇవన్నీ పక్కన పెట్టాక ఇంకా మిగిలే తేడాలోనే వంశమూలాన్ని వెతకాలి. ఈ వరస తలకిందులైతే, అంటే పొట్టిగా ఉన్నారు కాబట్టి బంధువులు అనే చోట మొదలుపెడితే, తరవాత ఎంత జాగ్రత్తగా కొలిచినా ఆ పొరపాటు వెంటే వస్తుంది.

ఎముకను ముట్టుకోక ముందు

మొదట సేకరణ చరిత్రను చదవండి. ఎముకలు ఎక్కడివి, ఎప్పటివి, ఎవరు తెచ్చారు, ఎలా తెచ్చారు అన్న వివరాలు కొలతల కన్నా తక్కువ ముఖ్యమైనవి కావు. యూరప్ మ్యూజియాల్లో ఉన్న అండమానీయుల అస్థిపంజరాల్లో చాలా భాగం బ్రిటిష్ వారు దీవుల్లో స్థిరపడిన తరవాతి కాలానివి. 1877లో అక్కడ తట్టు వ్యాధి విరుచుకుపడింది. 1901 జనగణనలో 625 మందిగా నమోదైన గ్రేట్ అండమానీలు 1961 నాటికి 19 మంది మాత్రమే మిగిలారు. కూలిపోతున్న జనాభా నుంచి వచ్చిన ఎముకలను ఆ ప్రజల వేల ఏళ్ల సాధారణ స్థితికి అద్దంగా తీసుకునే ముందు, పంటి పింగాణీ మీద అడ్డగీతలు, కంటిగూటి పైకప్పులో సన్నటి రంధ్రాలు వంటి చిన్ననాటి అనారోగ్యపు గుర్తులను తప్పకుండా నమోదు చేయాలి.

అనుమతి సంగతి కూడా ఇక్కడే తేలాలి. దక్షిణాఫ్రికాలో వేట–సేకరణ మూలవాసులైన సాన్ ప్రజల సంస్థలు 2017లో తమ మీద జరిగే పరిశోధనలకు ఒక నైతిక నియమావళిని ప్రకటించాయి. 1920లలో సదర్లాండ్ ప్రాంతం నుంచి అనుచితంగా కేప్ టౌన్ విశ్వవిద్యాలయానికి చేరిన తొమ్మిది మంది అస్థికలను, వారి వారసుల కోరిక మేరకు అధ్యయనం చేసి, 2023 నవంబరులో తిరిగి అక్కడే ఖననం చేశారు. ఆ ఎముకలు ఏం చెప్పాలో వారసులు ప్రశ్నలు వేసి అడిగారు, శాస్త్రజ్ఞులు సమాధానం వెతికారు. నా దృష్టిలో ఈ రంగంలో పని జరగవలసిన తీరు అది. పేర్ల విషయంలో కూడా అదే మర్యాద పాటించాలి. ‘పిగ్మీ’ అన్న మాటకు పురుషుల సగటు ఎత్తు 150 లేదా 155 సెంటీమీటర్ల లోపు అని ఒక గీత గీశారు. ఆ గీత పరిశోధకులు తమ సౌకర్యం కోసం గీసుకున్నది, అంతే. ఆ ప్రజలు తమను తాము పిలుచుకునే పేరునే రాయండి.

వయసు, లింగం

పొట్టి ఎముక పిల్లల ఎముకా, పెద్దల ఎముకా అన్నది పొడవు చెప్పదు, చివరలు చెబుతాయి. తొడ ఎముక కింది కొనను వెలుతురులో తిప్పి చూడండి. ఎదుగుదల ఫలకం ఇంకా తెరిచి ఉంటే నడిమి కాండానికీ మోకాలి గుండ్రాలకీ మధ్య గరుకైన, అలలుగా ఉన్న గాడి కనిపిస్తుంది. మూసుకుంటే ఆ చోట ఒక సన్నటి మచ్చగీత మిగులుతుంది, లేదా అదీ చెరిగిపోతుంది. కాలర్ ఎముక లోపలి కొన అన్నిటికన్నా ఆలస్యంగా, ముప్ఫైకి దగ్గర పడే వయసు దాకా కూడా అతుకుతూ ఉంటుంది కాబట్టి పడుచువారి వయసు తేల్చడానికి అది బాగా పనికివస్తుంది.

లింగ నిర్ధారణలో జరిగే తప్పు ఇంతకన్నా పెద్దది. తొడ ఎముక తల అడ్డుకొలత 42.5 మిల్లీమీటర్ల లోపు ఉంటే స్త్రీ, 47.5 దాటితే పురుషుడు అని అమెరికా సేకరణల ఆధారంగా వాడుకలోకి వచ్చిన ఒక ప్రమాణం ఉంది. చిన్న దేహాల సమూహానికి దాన్ని అన్వయిస్తే పురుషులందరూ స్త్రీల గడిలోకి వెళ్లిపోగలరు. అప్పుడు ఆ సమాధుల్లో మగవాళ్లే లేరన్న వింత ఫలితం కాగితం మీదికి వస్తుంది. పరిమాణం మీద ఆధారపడే ఏ ప్రమాణాన్నీ ఇక్కడ వాడకూడదు. కటి ఎముక ఆకారాన్నే నమ్మాలి. 1969 నుంచి వాడుకలో ఉన్న పద్ధతిలో జఘనాస్థి (కటి ముందు భాగపు ఎముక) ముందువైపు వంపు గట్టు, దాని కింద లోపలికి వంగిన అంచు, అక్కడి నుంచి కిందికి దిగే ఎముక కొమ్మ లోపలి వైపు పదును అనే మూడు గుర్తులను చూస్తారు. చిన్న దేహాల స్త్రీలలో కటి వెడల్పు దేహంతోపాటు తగ్గినా, బిడ్డ బయటికి వచ్చే మార్గం అదే పాళ్లలో తగ్గలేదని కేప్, అండమాన్ అస్థిపంజరాల మీద జరిగిన పనిలో తేలింది. అంటే మిగతా ఎముకలన్నీ ఎంత చిన్నవైనా, కటి తన లింగ భేదాన్ని నిలుపుకుంటుంది.

ఎత్తు: అసలు చిక్కు ఇక్కడే

మన 38 సెంటీమీటర్ల తొడ ఎముకకు తిరిగి వద్దాం. ఈ రంగంలో అందరికీ చేతికందే సూత్రాలు 1952లో ట్రాటర్, గ్లేసర్ ఇచ్చినవి. అవి రెండో ప్రపంచ యుద్ధంలో మరణించిన అమెరికా సైనికుల కొలతల మీద, ఒక శరీరశాస్త్ర సేకరణ మీద ఆధారపడ్డాయి. తెల్లజాతి పురుషులకు వారిచ్చిన సూత్రంలో తొడ ఎముక పొడవును 2.38తో గుణించి 61.41 కలపాలి. మన ఎముకకు 151.9 సెంటీమీటర్లు వస్తుంది. నల్లజాతి పురుషుల సూత్రంలో 2.11తో గుణించి 70.35 కలపాలి. అప్పుడు 150.5 వస్తుంది. ఇప్పుడు మరో దారి చూడండి. ప్రపంచంలోని అనేక జనాభాల సగటును బట్టి తొడ ఎముక ఎత్తులో 26.74 శాతం ఉంటుందని 1990లో లెక్కగట్టారు. ఆ నిష్పత్తితో మన మనిషి ఎత్తు 142.1 సెంటీమీటర్లే. ఎముక ఒక్కటే, సమాధానాల మధ్య తేడా దాదాపు 10 సెంటీమీటర్లు.

ఈ తేడా ఎందుకు వస్తుందో ఒక్కసారి అర్థమైతే మళ్లీ మరచిపోరు. మొదటి రకం సూత్రంలో తొడ ఎముక ఎంత చిన్నదైనా 61 లేదా 70 సెంటీమీటర్లు ఎప్పుడూ కలుస్తూనే ఉంటాయి. ఎముక ఒక సెంటీమీటరు తగ్గితే ఎత్తు 2.38 మాత్రమే తగ్గుతుంది. నిష్పత్తి ప్రకారమైతే 3.74 తగ్గాలి. సైనికుల సగటు దగ్గర ఈ రెండు దారులూ దాదాపు కలుస్తాయి. సగటు నుంచి కిందికి దిగే కొద్దీ దూరమవుతాయి. సూత్రం తాను పుట్టిన జనాభా సగటు వైపు ప్రతి ఎముకనూ లాగుతుంది, కాబట్టి పొట్టివారిని పొడుగు చేస్తుంది. నిష్పత్తి పద్ధతీ నిర్దోషి కాదు. పొట్టివారిలో కాళ్ల వాటా కొంచెం తక్కువగా ఉంటే అది వారిని ఇంకా పొట్టి చేస్తుంది. ఒక్క తొడ ఎముక మీద ఆధారపడటమే ఇక్కడి బలహీనత.

అస్థిపంజరం తగినంత పూర్తిగా ఉంటే చేయవలసిన పని వేరు. ఎత్తులో భాగమయ్యే ప్రతి ఎముకనూ కొలిచి కూడాలి. 1956లో ఫుల్లీ ప్రతిపాదించి, 2006లో సవరణ పొందిన ఈ పద్ధతిలో పుర్రె అడుగు రంధ్రం ముందు అంచు నుంచి నడినెత్తి దాకా ఎత్తు, మెడలోని రెండో వెన్నుపూస నుంచి నడుములోని చివరి వెన్నుపూస వరకు ఒక్కొక్క దాని ఎత్తు, త్రికాస్థి (నడుము కింద కటి వెనక ఉండే ఎముక) మొదటి ఖండం, తొడ ఎముక, టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక), చీలమండ–మడమ ఎముకల జంట ఎత్తు చేర్చాలి. తొడ ఎముకను ఇక్కడ గరిష్ఠ పొడవుగా కాక, రెండు మోకాలి గుండ్రాలూ కొలత బోర్డు పలకకు ఒకేసారి ఆనేలా నిలిపి కొలవాలి. నిలబడినప్పుడు ఎముక ఉండే తీరు అదే. అలా వచ్చిన మొత్తాన్ని 1.009తో గుణించి, వయసును 0.0426తో గుణించి తీసివేసి, 12.1 కలపాలి. మొత్తం 132 సెంటీమీటర్లు, వయసు 30 అయితే ఎత్తు 144.0 సెంటీమీటర్లు. మొండెం వాటా ఎంత, కాళ్ల వాటా ఎంత అని ముందే ఊహించుకోవలసిన అవసరం ఈ పద్ధతిలో లేదు. చిన్న దేహాల విషయంలో దాని విలువంతా అందులోనే ఉంది.

టిబియా దగ్గర ఒక హెచ్చరిక చేయాలి. లోపలి చీలమండ మొనను కలిపి కొలిచారా, వదిలి కొలిచారా అన్నది ప్రతి పట్టికలోనూ స్పష్టంగా రాయండి. ట్రాటర్ తన నిర్వచనంలో దాన్ని కలిపినట్టు రాసినా కొలతల్లో వదిలేసినట్టు దశాబ్దాల తరవాత బయటపడింది. ఆ సూత్రాన్ని నమ్మి మొనతో సహా కొలిచినవారు ఎత్తును ఎక్కువగా లెక్కగట్టారు.

శరీర బరువుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. తొడ ఎముక తల అడ్డుకొలతను 2.239తో గుణించి 39.9 తీసివేసే మెక్‌హెన్రీ సూత్రం చిన్న దేహాల జనాభాలను కూడా కలుపుకొని తయారైంది. దాని ప్రకారం మన మనిషి బరువు 42.9 కిలోలు. 2.268తో గుణించి 36.5 తీసివేసే గ్రైన్ సూత్రం నమీబియాలో దొరికిన ఒక భారీ తొడ ఎముక కోసం పెద్ద దేహాల ఆధారంగా చేసినది. అది 47.4 కిలోలు అంటుంది. చిన్న దేహాలకు మొదటిదాన్నే వాడండి.

పరిమాణం నుంచి ఆకారాన్ని విడదీయడం

ఇప్పుడు నిష్పత్తులు చూడాలి. టిబియా పొడవును తొడ ఎముకతో, ముంజేతి రేడియస్‌ను భుజం ఎముకతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చే సూచికలు, ఎత్తుతో పోల్చిన కటి వెడల్పు ప్రధానమైనవి. వేడి ప్రాంతాల్లో సన్నటి మొండెం, పొడవైన అవయవాల చివరి భాగాలు ఉంటాయన్నది తెలిసిన సూత్రం. అయితే అది పెద్ద దేహాల మీద ఎక్కువగా పరీక్షించిన సూత్రం. దేహం చిన్నదైనప్పుడు బరువుతో పోల్చితే చర్మపు విస్తీర్ణం ముందే ఎక్కువగా ఉంటుంది కాబట్టి వాతావరణపు ఒత్తిడి నిష్పత్తుల మీద అంతే బలంగా పనిచేయాలన్న నియమం లేదు. ఇద్దరు పొట్టివారి సూచికలు ఒకేలా ఉన్నాయని చుట్టరికం కలపకండి, వేరుగా ఉన్నాయని తెంచకండి. ముడి కొలతలతో బహుచర విశ్లేషణ (అనేక కొలతలను ఒకేసారి పోల్చే గణాంక పద్ధతి) చేస్తే, అన్నిటికన్నా ఎక్కువ తేడాను చూపే మొదటి అక్షం దాదాపు ఎప్పుడూ పరిమాణమే అవుతుంది, పొట్టివారందరూ ఒక మూలకు చేరి బంధువుల్లా కనిపిస్తారు. ప్రతి వ్యక్తి కొలతలనూ ఆ వ్యక్తి కొలతలన్నిటి గుణమధ్యమంతో (గుణకారం మీద లెక్కగట్టే సగటుతో) భాగించి మళ్లీ చూడండి.

శ్రమ ముద్ర ఇంకో పొర. అండమాన్, కేప్ అస్థిపంజరాల ఎముక కాండాల అడ్డుకోతలను పోల్చిన 2001 నాటి అధ్యయనం ఇందుకు చక్కటి ఉదాహరణ. రెండు సమూహాల దేహాలూ చిన్నవే. అయినా పడవ నడుపుతూ సముద్రం మీద బతికిన అండమానీయులకు చేతులు, కాలర్ ఎముకలు దృఢంగా ఉన్నాయి. నేల మీద దూరాలు నడిచి వేటాడిన కేప్ వేటగాళ్లకు కాళ్ల ఎముకలు దృఢంగా ఉన్నాయి. ఈ పోలిక చేసేటప్పుడు అడ్డుకోత బలాన్ని శరీర బరువుతో, ఎముక పొడవుతో భాగించి సవరించాలి. బరువు అంచనాలో నాలుగైదు కిలోల తేడా వస్తే దృఢత్వపు తీర్పే మారిపోతుంది కనుక పైన చెప్పిన సూత్రపు ఎంపిక ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది.

ఒకే ఎత్తు, రెండు దారులు

పెద్దల ఎముకలు గమ్యాన్ని చూపుతాయి, దారిని చూపవు. పుట్టిన తేదీలు నమోదైన కామెరూన్ బాకా పిల్లల ఎదుగుదల మీద 2015లో వెలువడిన అధ్యయనంలో, వారు పుట్టినప్పుడు మామూలు పరిమాణంలోనే ఉండి, పసితనంలో నెమ్మదిగా ఎదగడం వల్ల పొట్టివారవుతున్నట్టు కనిపించింది. తూర్పున కాంగోలోని ఎఫే పిల్లలు పుట్టుకతోనే చిన్నవారు. ఈ రెండు సమూహాల పూర్వీకులు పది వేల ఏళ్లకు పైగా వేరుగా ఉన్నారు, అయినా చివరి ఎత్తు దాదాపు ఒకటే. 2014లో ఉగాండా బత్వాల, బాకాల జన్యుక్రమాల పరిశీలన కూడా ఎత్తు మీద ప్రకృతి వరణం వేర్వేరుగా పనిచేసిందనే చెప్పింది. చేతిలో పిల్లల అస్థిపంజరాలు ఉంటే వాటిని పక్కకు నెట్టకండి. పంటి ఎదుగుదలను బట్టి వయసు కట్టి, ఆ వయసుకు ఎముక పొడవు ఎంతో గుర్తిస్తే, పొట్టితనం ఎప్పుడు మొదలైందో తేల్చే అవకాశం వాటిలోనే ఉంది. అడవిలో తేలికగా కదలడం, ఉక్క వేడి, ఆహారపు కొరత, మరణాలు ఎక్కువ కావడంతో త్వరగా సంతానవయసుకు రావడం అని కారణాల మీద నాలుగు సిద్ధాంతాలు నడుస్తున్నాయి. పెద్దల ఎముకలు ఒక్కటే వీటిలో దేన్నీ ఎంచి చూపలేవు.

వంశమూలం ప్రశ్న

పుర్రె కొలతలతో వంశమూలం చెప్పే సాఫ్ట్‌వేర్లు ప్రతి పుర్రెనూ తమ దగ్గరున్న ఆధార నమూనాల్లో ఏదో ఒకదానికి కట్టితీరుతాయి. మానవశాస్త్రవేత్త హవెల్స్ సేకరించిన 2,524 పుర్రెల కొలతల్లో అండమానీయులూ దక్షిణాఫ్రికా సాన్ ప్రజలూ ఉన్నారు. అందులో లేని ఒక చిన్న దేహాల సమూహపు పుర్రెను ఇస్తే అది అండమాన్ గడిలో పడటానికి పరిమాణం చిన్నది కావడం ఒక్కటే సరిపోవచ్చు. అందుకని ఏ గుంపుకు దగ్గర అన్న సంఖ్యతోపాటు, ఆ గుంపులో ఈ పుర్రె సహజంగా ఇముడుతుందా అన్న సంఖ్యను కూడా చూడాలి. రెండోది చాలా తక్కువైతే ఫలితాన్ని పక్కన పెట్టండి. కణత ఎముక ఆకారం, లోపలి చెవి చిక్కుగూడు, పంటి ఆకృతి లక్షణాలు జనాభాల చరిత్రను మిగతా భాగాల కన్నా నమ్మకంగా నిలుపుకుంటాయి. అవయవాల పొడవులు ఆ పనికి పనికిరావు.

ఎముకల మీద కట్టిన పోలికలను డీఎన్‌ఏ ఎలా విడగొట్టిందో చూడండి. పాత పుస్తకాలు ‘నెగ్రిటో’ అని ఒకే మాటతో పిలిచిన ఆసియా పొట్టి ప్రజలలో ఫిలిప్పీన్స్ ఆయ్‌తా మాగ్బుకోన్‌లకు ప్రపంచంలోనే అత్యధిక డెనిసోవన్ (అంతరించిన ఒక ప్రాచీన మానవ శాఖ) వారసత్వం ఉందని 2021లో వెల్లడైంది. ఓంగీలలో, మలేషియా జెహాయ్‌లలో ఆ జాడ దొరకలేదు. మరోవైపు లావోస్‌లో 8,000 ఏళ్ల నాటి హోబిన్హియన్ (ఆగ్నేయాసియా రాతియుగపు వేటగాళ్ల సంస్కృతి) అస్థిపంజరం జన్యుపరంగా ఓంగీలకూ జెహాయ్‌లకూ దగ్గరగా తేలింది. అంటే ఆ పాత గుంపులో కొంత బంధుత్వం నిజం, కొంత పైపై పోలిక. ఓంగీ, గ్రేట్ అండమానీల తల్లివైపు శాఖలు ఎంతో ప్రాచీనమైనవని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు 2005లో చూపారు. ఇండోనేషియా ఫ్లోరెస్ దీవిలో లియాంగ్ బువా గుహ దగ్గరి రాంపాసాసా ఊరివారు పొట్టివారు. ఆ గుహలోనే సుమారు 106 సెంటీమీటర్ల ఎత్తున్న హోమో ఫ్లోరెసియెన్సిస్ అనే అంతరించిన మానవ జాతి అస్థిపంజరం దొరికింది. ఇంత దగ్గరగా ఉన్నా, ఈ ఇద్దరి మధ్య వారసత్వపు ఆనవాలు ఏదీ లేదని 2018 జన్యు పరిశీలన తేల్చింది.

ఈనాటి ప్రజలను నిన్నటివారికి నేరుగా బదులుగా వాడకూడదన్న జాగ్రత్త కూడా తీసుకోండి. దక్షిణాఫ్రికా బలీటో బేలో దొరికిన దాదాపు 2,000 ఏళ్ల నాటి బాలుడి జన్యుక్రమంతో పోల్చినప్పుడు, ఆఫ్రికా దక్షిణ భాగపు మూలవాసులైన ఇప్పటి ఖోయ్–సాన్ సమూహాలన్నిటిలోనూ 9 నుంచి 30 శాతం వరకు బయటి కలయిక ఉన్నట్టు 2017లో కనిపించింది. కామెరూన్‌లోని షుమ్ లాకాలో సుమారు 8,000, 3,000 ఏళ్ల కిందట పాతిపెట్టిన నలుగురు చిన్నవయసువారు, ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఉన్నవారి కన్నా, పశ్చిమ–మధ్య ఆఫ్రికా అడవుల వేటగాళ్లకే దగ్గరివారని 2020లో తెలిసింది. వారి ఎముకలు పెద్దవారివి కావు కాబట్టి దేహ పరిమాణం ఈ సంగతి ఎన్నటికీ చెప్పగలిగేది కాదు.

డీఎన్‌ఏకు నమూనా తీయవలసి వస్తే చెవి లోపలి భాగాన్ని పొదువుకున్న పెట్రస్ ఎముక మేలైనది. వేడి ప్రాంతాల్లో అది కూడా ఎన్నోసార్లు ఫలితమివ్వదు. కోసే ముందు సీటీ స్కాన్ తీసి లోపలి చెవి ఆకారాన్ని భద్రపరచండి. ఒక వైపుదే తీసుకుని రెండో వైపును ముట్టుకోకుండా వదలండి.

నివేదిక రాసేటప్పుడు ముడి కొలతలన్నీ ఇవ్వండి, వాడిన సూత్రం పేరు, అది పుట్టిన జనాభా రాయండి, అంచనాను ఒక్క అంకెగా కాక అవధిగా చూపండి. మన బల్ల మీది ఎముకతోపాటు అదే మనిషి కటి, కొన్ని వెన్నుపూసలు కూడా దొరికాయనుకుంటే నేను ఇలా రాస్తాను: “ఎదుగుదల ఫలకాలన్నీ మూసుకున్న పెద్ద మనిషి, కటి ఆకారాన్ని బట్టి పురుషుడు, తొడ ఎముక గరిష్ఠ పొడవు 38.0 సెంటీమీటర్లు, నిష్పత్తి పద్ధతిలో ఎత్తు సుమారు 142, 1952 సూత్రాలతో 150 నుంచి 152, వెన్నుపూసలు అసంపూర్ణం కాబట్టి పూర్తి పద్ధతి వాడలేదు, చిన్న దేహాల సూత్రంతో బరువు సుమారు 43 కిలోలు, వంశమూలం ఈ కొలతలతో నిర్ధారించలేదు.”